పై అంతస్తు పాండిత్యం

ఉష్ణగతిక శాస్త్రం పాఠం చెప్పి, పిల్లల చేత పరీక్షలు రాయించి, తప్పులకు మార్కులు కోసి, ఆ జీతం డబ్బుతో ఇల్లు కొనుక్కున్న మనిషిని నేను. వేడి ఎటు నుంచి ఎటు పోతుందో నాకు తెలిసినంతగా మా తార్నాక వీధిలో మరొకరికి తెలియదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే కొన్ని వేసవుల పాటు మా ఇంటిని చేతులారా ఉడకబెట్టాను. సూర్యుడు తన వంతు తాను చేశాడు, కాదనను. మిగతాదంతా నా స్వయంకృషి. ఎందరికో సున్నాలు వేసిన చెయ్యి కదా, ఇవాళ నా జవాబు పత్రం కూడా నేనే దిద్దుకుంటున్నాను.

మొదటి తప్పు ఇల్లు కొన్ననాడే జరిగింది. కింది ఫ్లాట్లు కూడా ఖాళీగా ఉండగా ఏరి కోరి పై అంతస్తు తీసుకున్నాను. అందులోనూ పడకగది పడమటి వైపు. "పైన గాలి వస్తుంది, చప్పుడుండదు, ఉస్మానియా క్యాంపస్ చెట్లు కనిపిస్తాయి" అని మా ఆవిడకు నచ్చజెప్పాను. మూడూ నిజమే. నాలుగో నిజం మాత్రం రిజిస్ట్రేషన్ కాగితాల్లో లేదు: మా నెత్తిన ఇంకో కుటుంబం లేదు, నేరుగా ఎండే కాపురం ఉంది. బిల్డరు పై అంతస్తును కాస్త తక్కువకు ఎందుకిచ్చాడని ఆలోచించలేదు. బేరంలో గెలిచాననుకున్నాను.

ఆ కప్పు సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. నలుగురికీ చాటాను కూడా. హైదరాబాదులో ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల వచ్చే వింత అది. నిలువుగా నిలబెట్టిన వస్తువుకు ఆ క్షణాన పక్కకు నీడ పడదు. ఆ తమాషా చూపిస్తానని ఒక మే నెలలో మార్నింగ్ వాక్ మిత్రులను మా మేడ మీదికి పిలిచాను. నీళ్ళ సీసా నిలబెట్టాను. నీడ దాని అడుగుకిందికి దూరింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పులు విడిచి నిలబడ్డ ఒకాయన మాత్రం గెంతులేశాడు, ఎందుకంటే మేడంతా వానకు కారకుండా పూసిన నల్లటి పూత. "నల్లని తలం వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది" అని అక్కడికక్కడే ఆయనకు విడమరిచి చెప్పాను.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడంటే ఇంటికి పడే ఎండలో సింహభాగం కప్పు మీదే పడుతుందనీ, ఆ కప్పు కిందే నేను పడుకుంటాననీ ఆ పాఠంలో చేర్చలేదు. మెట్లు దిగి వచ్చి దక్షిణం కిటికీకి మందపాటి తెర కుట్టించాను. మే నెలలో మన దగ్గర దక్షిణపు గోడకు తగిలే ఎండే బహు తక్కువ. ఎండ తగిలేది కప్పుకూ, పొద్దున తూర్పుకూ, మధ్యాహ్నం తిరిగాక పడమరకూ. ఆ పడమటి కిటికీని మాత్రం సూర్యాస్తమయం బాగుంటుందని వట్టి అద్దంతో వదిలేశాను. ఆ తర్వాత దానికీ తెర కట్టాను గానీ లోపలి వైపు కట్టాను. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర దాన్ని ఆపేదేముంది? తెర వేడెక్కి, ఆ వేడిని గదికే ఇస్తుంది. కిటికీ బయట ఒక వెదురు తడక వేలాడదీస్తే అద్దం దాకానే రానివ్వదు. మా తాతగారి ఇంటి వరండాకు ఉన్న తడకలను పాతకాలపు అలంకారమనుకున్న చదువు నాది.

ఐదారంగుళాల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నం పుచ్చుకున్న వేడిని వెంటనే లోపలికి వదలదు. నాలుగైదు గంటలు ఆగి వదులుతుంది. పగలు చేసిన అప్పుకు సరిగ్గా అన్నం తిని నడుం వాల్చే వేళ చూసి గుమ్మంలోకి వచ్చే షావుకారు అది. రాత్రి పది గంటలకు బయట వీధిలో హాయిగా ఉండి, మా పడకగది ఎందుకు ఉడుకుతోందో నాకు చాన్నాళ్ళు అంతుపట్టలేదు. ఫ్యాను పాతదైపోయిందని తిట్టుకున్నాను. అది తిప్పేది స్లాబు కింది గాలినే కదా.

రెండో తప్పు కిటికీలది. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. సముద్రం దూరం, గాలి పొడి. మే నెలలో పగలు సగటున 39 డిగ్రీల దగ్గర ఉడికినా తెల్లవారుజామున 26 దగ్గరికి దిగుతుంది. ఆ పదమూడు డిగ్రీల తేడా ఈ ఊరికి ప్రకృతి ఉచితంగా ఇచ్చిన ఏసీ. దాన్ని వాడుకునే పద్ధతి ఒకటే: పగలు మూసి, రాత్రి తెరవడం. నేను పగలంతా "గాలి ఆడనీ" అని అన్ని కిటికీలూ బార్లా తెరిచి, 40 డిగ్రీల గాలిని ఇంట్లోకి పిలిచేవాణ్ణి. దీపాలు పెట్టే వేళకు దోమలొస్తున్నాయని ఒక్కొక్కటే బిగించేవాణ్ణి. వేడి గాలికి స్వాగతం, చల్లగాలికి ప్రవేశం లేదు. కిటికీలకు దోమల జాలి కొట్టిద్దామని మా ఆవిడ ఎన్నోసార్లు అంది. జాలి ఉంటే గాలి తగ్గుతుందని నేను సిద్ధాంతం చెప్పాను. మూసిన కిటికీలోంచి గాలి ఎంత వస్తుందో ఆ సిద్ధాంతంలో లేదు.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నేను చదివింది ఉస్మానియా సైన్సు కాలేజీలోనే అయినా ఎండాకాలం మధ్యాహ్నాలు గడిపింది మాత్రం ఆర్ట్స్ కాలేజీ వరండాల్లో. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా 1939లో ప్రారంభమైన భవనం అది. అక్కడ ఫోటో దిగని పెళ్ళిజంట నగరంలో లేదు. బయట బండలు కాలుతుంటే లోపల వీపు ఆనించిన రాయి చల్లగా తగిలేది. మందపాటి గులాబీరంగు రాతి గోడలు, అందనంత ఎత్తున కప్పు, గదికీ ఎండకూ మధ్య లోతైన వరండా. పగటి వేడి ఆ రాయిని దాటి లోపలికి వచ్చేసరికి సాయంత్రమై, బయట గాలి మారుతుంది. అక్కడ వీపు ఆనించి కూర్చుని ఉష్ణప్రసరణ సూత్రాలు బట్టీపట్టాను. వీపుకు తెలిసింది బుర్రకు ఎక్కలేదు.

తర్వాత కూలరు కొన్నాను. కూలరు మంచి యంత్రం, అందులో అనుమానం లేదు. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడిని గాలి నుంచి లాక్కోవాలి. అంటే ఒక యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులంత. ఆ పనికి కూలరు వాడే కరెంటు ఫ్యానుకు పట్టేదాని కన్నా కాస్త ఎక్కువ, అంతే. పొడిగాలి ఊళ్ళలో దానికి సాటి లేదు. కానీ తడిసిన గాలి బయటికి పోయే దారి ఉండాలి. నేను కూలరును గది మధ్యలో పెట్టి, చల్లదనం పారిపోకుండా తలుపులూ కిటికీలూ మూశాను. కాసేపు స్వర్గం. ఆ తర్వాత గది గాలి నిండా తేమ చేరి, ఇక ఒక్క చుక్క కూడా ఆవిరి కానంది. కూలరులోని నీళ్ళూ ఆరవు, ఒంటి మీది చెమటా ఆరదు. పరుపు జిగట, గోడ క్యాలెండరు వంకర. కంపెనీవాడు మోసం చేశాడని ఫోను చేసి గొడవపడ్డాను. వచ్చిన మెకానిక్ కుర్రాడు ఏ పనిముట్టూ బయటికి తీయలేదు. కూలరును కిటికీ దగ్గరికి జరిపి, ఎదురుగా ఉన్న తలుపు తెరిచి, "గిట్ల పెట్టుండ్రి సార్" అని వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగానా? కూలరు రహస్యం తెలిసిపోయిందన్న ఉత్సాహంలో మచిలీపట్నంలో ఉన్న మా బావమరిది చేత కూడా ఒకటి కొనిపించాను. సముద్రపు ఒడ్డున గాలిలో అప్పటికే తేమ నిండుగా ఉంటుంది, కూలరు ఇంకేం ఆవిరి చేస్తుంది? వాళ్ళింట్లో అది ఉప్పుగాలిని తడిపి ఇచ్చింది. ఇప్పుడు దాని మీద పాత పేపర్లు పెట్టుకుంటున్నారు. నన్ను "బావగారూ" అని పిలిచేటప్పుడు ఆ అబ్బాయి గొంతులో ఏదో తేడా ఉంటుంది.

మంచుగడ్డల ప్రయోగం గురించి కూడా చెప్పాలి. పెద్ద బేసిన్లో మంచుగడ్డలు పోసి టేబుల్ ఫ్యాను ముందు పెడితే చల్లగాలి వస్తుందని ఎవరో చెప్పారు. వస్తుంది. హాల్లో కూర్చుని ఆ గాలి అనుభవిస్తూ, "చూశావా, ఖర్చు లేని ఏసీ" అన్నాను. ఆ మంచు మా ఫ్రిజ్‌లో గడ్డకట్టింది. ఫ్రిజ్ అదే హాల్లో ఉంది. నీటిలోంచి లాగిన వేడినంతా, దాని మోటారు తాగిన కరెంటుతో సహా, వెనకవైపు నుంచి అదే హాల్లోకి వదులుతోంది. మా ఆవిడ కామర్సు చదివిన మనిషి. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెట్టి, "ఏమండీ, ఇక్కడ ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అంది. జమలో రాసిన దాని కన్నా ఖర్చు పద్దు పెద్దదని ఆమెకు తెలిసిపోయింది. ఉష్ణగతిక రెండో సూత్రాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో నాకే గుర్తులేదు.

ఇక ఏసీ పర్వం. ఏసీలో టన్ను అంటే దాని బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాక్కుంటుందో అంత సామర్థ్యం. సుమారు మూడున్నర కిలోవాట్లు. ఈ ముక్క షాపులో సేల్స్ కుర్రాడికి నేనే చెప్పాను. చెప్పి, పదడుగుల గదికి రెండు టన్నులది కొన్నాను. పెద్దదైతే త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, కరెంటు ఆదా అని నా లెక్క. నిజానికి అతిపెద్ద ఏసీ చిన్న గదిలో ఆగుతూ మొదలవుతూ ఆయాసపడుతుంది, తేమ సరిగా తీయదు. మా ఏసీకి ఆగే భాగ్యం కూడా కలగలేదు, ఎందుకంటే 18 డిగ్రీల దగ్గర పెట్టాను. పైనుంచి స్లాబు వేడి కుమ్మరిస్తుంటే గది 18కి ఎప్పుడు దిగాలి?

మీట తక్కువ అంకె మీద పెడితే త్వరగా చల్లబడుతుందన్నది చదువుకున్నవాళ్ళకూ ఉన్న భ్రమ. మామూలు ఏసీ 18 అన్నా 26 అన్నా ఒకే బలంతో చల్లబరుస్తుంది. తేడా ఎప్పుడు ఆగుతుందన్న దగ్గరే. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ సిఫారసుతో కేంద్రం పెట్టిన నిబంధన 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని వాళ్ళ లెక్క. అంటే 18 నుంచి 24కి ఎక్కితే మూడో వంతుకు దగ్గరగా ఆదా. ప్రభుత్వం నా పడకగదిలోకి కూడా వచ్చిందని విసుక్కుని, మీట కిందికి నొక్కి, రగ్గు కప్పుకుని పడుకున్నాను. బయట రోహిణి కార్తె, లోపల మాఘమాసం.

బయట పెట్టే యూనిట్‌ను వానకు తడవకుండా, పావురాలు గూడు కట్టకుండా, అద్దాలు బిగించిన వంటింటి బాల్కనీలో పెట్టించాను. బిగించే కుర్రాడు గొణిగాడు గానీ నేను వినలేదు. ఆ యంత్రం గదిలోని వేడిని తెచ్చి బయటి గాలికి అప్పగించాలి. బయటి గాలి లేదు, బాల్కనీ గాలే ఉంది. తాను వదిలిన వేడినే తాను మళ్ళీ పీల్చుకుంటూ అది రొప్పేది. ఉతికిన బట్టలు మాత్రం క్షణాల్లో ఆరేవి. ఆ ఒక్క లాభం చూపించి కొన్నాళ్ళు నెగ్గుకొచ్చాను.

చివరికి దాన్ని అక్కణ్ణించి తీయించి వెంటిలేషన్ షాఫ్టు వైపు గోడకు వేలాడదీయించాను. మా గది చల్లబడింది, సమస్య తీరిందనుకున్నాను. రెండు టన్నుల ఏసీ గదిలోంచి ఏడు కిలోవాట్ల వేడి లాగితే, లాగడానికి తాగిన రెండు కిలోవాట్ల కరెంటునూ కలిపి తొమ్మిది కిలోవాట్లు అవతల పారబోస్తుంది. నా అవతల ఏముందో నేను వంగి చూడలేదు. షాఫ్టులోకి తెరుచుకునే పక్క ఫ్లాటు కిటికీ ఉంది. ఆ కిటికీ పక్కనే ఒక పెద్దామె మంచం ఉంది. ఒకరోజు మెట్ల దగ్గర కనిపిస్తే, "ఏం పెద్దమ్మా, మీ కిటికీ ఎప్పుడూ మూసే ఉంటోంది, గాలి ఆడొద్దా?" అని సలహా ఇవ్వబోయాను. "తీస్తే ఒకటే ఉడుకు గాలి బిడ్డా. అందుకే మూస్కున్న" అంది. ఆ వేడి ఎవరిదో ఆమెకు తెలియదు. తెలిసినా అని ఉండదు. మిగతా తప్పులన్నీ నా ఇంటికి, నా పర్సుకు చేసుకున్నవి. వాటిని తలచుకుని నవ్వుకోగలను. ఈ ఒక్కదాన్ని నవ్వులో కలపలేను. నా చల్లదనం కోసం ఒక ముసలామె గాలి కిటికీ మూసుకుంది.

ఆ నెల కరెంటు బిల్లు కూడా వచ్చింది. మన రాష్ట్రంలో ఇళ్ళ బిల్లుకు ఒక గీత ఉంది, 200 యూనిట్ల దగ్గర. 2022లో సవరించిన ధరల ప్రకారం ఆ గీత లోపల మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు, వెరసి 820. గీత దాటితే మొదటి యూనిట్ నుంచీ లెక్క మారుతుంది. 200 యూనిట్లూ 5.10 చొప్పున పడి, ఆ పైవి 7.70 నుంచి మొదలవుతాయి. స్థిర చార్జీలు పక్కనబెడితే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయలు దాటుతుంది. ఏసీ రాకముందు మా ఇల్లు ఆ గీతకు ఇవతలే ఉండేది. ఖాళీ గదుల్లో కూడా "గది చల్లగా ఉంటుందని" ఫ్యాన్లు వదిలేసే నా అలవాటుతో అంచులో ఊగేది. ఫ్యాను గాలిని చల్లబరచదు, మనిషి చెమటను ఆరుస్తుంది. మనిషి లేని గదిలో తిరిగే పాత ఫ్యాను ఆ గదికి 75 వాట్ల హీటరు. ఏసీ వచ్చాక గీతను దాటడం కాదు, దాన్ని వెనక్కి తిరిగి చూసే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఇక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. నాబోటివాడికి బుద్ధి రావడానికి ముందు వైరాగ్యం వస్తుంది. ప్రపంచంలో వాడే కరెంటులో పదో వంతు ఏసీలకూ ఫ్యాన్లకూ పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో లెక్కగట్టింది. అది చదివి భూగోళాన్ని కాపాడే బాధ్యత భుజాన వేసుకున్నాను. ఏసీ ప్లగ్గు పీకేశాను. ఈ వేసవి ఏసీ లేకుండా గడుపుతామని వాకింగ్ మిత్రుల ముందు ప్రకటించాను కూడా. స్లాబును చల్లబరచడానికి మిట్టమధ్యాహ్నం పైపు పెట్టి మేడంతా తడిపాను. నీళ్ళు చుయ్యిమని ఆవిరైపోయేవి, నేను ఇంకా పోసేవాణ్ణి. అపార్టుమెంటుకు ట్యాంకర్లు తెప్పించుకునే రోజులవి. వాచ్‌మన్ పైకొచ్చి, "సారూ, సంపుల నీళ్ళు ఒడిసినయ్. మీరేమన్న పోస్తున్నరా?" అనేదాకా నా చేతిలో పైపు ఉంది. కరెంటు పొదుపు చేస్తున్నానన్న గర్వంలో నీళ్ళ పొదుపు గుర్తులేదు.

బయట 42 దాటిన ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చున్న మా ఆవిడకు కాళ్ళు కొంకర్లు పోయి, కళ్ళు తిరిగాయి. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా బాగా వేడెక్కాక ఫ్యాను ఆ వేడిని ఒంటి మీదికే తోస్తుంది. 40 దాటితే ఫ్యాను మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వయసు మీరినవాళ్ళకు చెమట కూడా తక్కువ పడుతుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు సెలైన్ పెట్టి అడిగాడు:

"ఇంట్లో ఏసీ లేదా?"

"ఉందండీ."

"పాడైందా?"

"లేదండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాలులకు వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఎండలో కూలి చేసుకునేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. 2025 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షల సాయం ప్రకటించింది. విపత్తు అని రాష్ట్రమే ఒప్పుకున్నదాన్ని నేను నా పట్టుదలకు పరీక్షగా తీసుకున్నాను. అది కూడా నా మీద కాదు, మా ఆవిడ మీద.

బుద్ధి వచ్చింది క్యాంపస్‌లో. గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు చదివే పిల్లలు ఎండాకాలంలో కూడా అక్కడి చెట్ల కింద పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం అటుగా పోతూ గమనించాను. నీడ జరిగిన కొద్దీ కుర్చీలు, సంచులు, నీళ్ళ సీసాలు అన్నీ జరుపుకుంటున్నారు. వాళ్ళు చల్లదనం తయారు చేసుకోవడం లేదు, వేడికి అడ్డం తప్పుకుంటున్నారు. నేను ఇన్నేళ్ళూ ఇంట్లోకి వేడిని రానిచ్చి, ఆ తర్వాత డబ్బిచ్చి దాన్ని బయటికి గెంటిస్తున్నాను. తప్పుల జాబితా పెద్దదే కానీ మూలం ఇదొక్కటే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్లో 2023-28కి కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్ళకూ ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి. అంతకు చిన్నవాటికి ఇష్టమైతేనే. ఆ విధానం గురించి మిత్రులకు ఉపన్యసించిన రోజున కూడా మా మేడ నల్లగానే ఉంది. చెప్పేవి శ్రీరంగ నీతులు. అసోసియేషన్ మీటింగులో తెల్లపూత మాట ఎత్తితే, సంపు ఖాళీ చేసిన మనిషి మాట ఎవరు వింటారు? కింది ఫ్లాట్ల వాళ్ళకు కప్పు వేడి తగలదు కూడా. మా ఇంటి మీది భాగానికి నా ఖర్చుతోనే వేయించుకున్నాను. మంచి తెల్లపూత కొత్తలో తన మీద పడ్డ ఎండలో మూడొంతులకు పైగా తిప్పి పంపుతుంది. దుమ్ము పడితే తగ్గుతుంది, అప్పుడప్పుడూ కడగాలి. రాత్రిపూట పడకగది రెండు మూడు డిగ్రీలు తగ్గింది. మరుసటి ఏడు పక్క ఫ్లాటు వాళ్ళూ వేయించుకున్నారు.

కిటికీలకు జాలి కొట్టించాను. రాత్రి తెరవడం, పొద్దెక్కక ముందే మూయడం ఇప్పుడు మా ఇంట్లో పాలవాడొచ్చినంత క్రమం. జాలి వల్ల గాలి తగ్గుతుందన్న సిద్ధాంతాన్ని ఉపసంహరించుకున్నాను. పడమటి కిటికీ బయట వెదురు తడక వేలాడుతోంది, సూర్యాస్తమయం మేడెక్కి చూస్తున్నాను. 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల చిల్లరతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. రెండు టన్నుల ఏసీని మార్చి చిన్న ఇన్వర్టర్ ఏసీ పెట్టించాను. దాని బయటి యూనిట్ మేడ మీద, నలువైపులా గాలి ఆడే చోట, చిన్న నీడ కింద ఉంది. పై అంతస్తువాడికి దక్కే ఏకైక సౌకర్యం అది. మొదటి రోజే వాడుకోవాల్సింది. పక్కింటి పెద్దమ్మ కిటికీ తెరుచుకుంది. ఆమెకు ఏమీ చెప్పలేదు, చెప్పే ధైర్యం లేక.

ఏసీ వాడుతున్నాం. 26 దగ్గర పెట్టి, ఫ్యాను కూడా వేసుకుని, ఎండ మండిపోయే గంటల్లో వాడుతున్నాం. జపాన్ ప్రభుత్వం 2005లో వేసవిలో ఆఫీసుల్లో ఏసీ 28 దగ్గర పెట్టమంది. పెట్టి, ఉద్యోగులను టైలు, కోట్లు తీసేయమంది. 28 దగ్గర కోటు వేసుకుని కూర్చోమనలేదు, అదీ అందులోని తెలివి. పొదుపు అంటే ఓర్చుకోవడం కాదు, అవసరాన్ని తగ్గించుకోవడం. మా ఆవిడ ఆరోగ్యం పందెం కాసి నేను నేర్చుకున్నది అదే.

నేను కొన్న వరస చూడండి: కూలరు, రెండు టన్నుల ఏసీ, ఆ తర్వాత తెల్లపూత, అన్నిటికన్నా చివర దోమల జాలి. ఖరీదైనవి ముందు, చవకైనవి తర్వాత. సరైన వరస దీనికి పూర్తిగా తలకిందులు. పై అంతస్తులో ఉంటే ఫిబ్రవరిలోనే ఒకసారి మేడ ఎక్కి కప్పు రంగు చూసుకోండి, మే దాకా ఆగితే పూత పూసే మేస్త్రీ పాదాలు కాలతాయి. కిటికీలకు జాలి కొట్టించండి. పడమటి ఎండను అద్దం బయటే ఆపండి. ఇవన్నీ అయ్యాక కూడా ఉక్కపోస్తే నిస్సంకోచంగా ఏసీ కొనండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా వాడండి. బిగించేముందు మాత్రం ఒక్కసారి వంగి, ఆ యంత్రం మొహం ఎవరి కిటికీ వైపు ఉందో చూసుకోండి.